అడవిలోని ఆనకట్టకు మరమ్మతు

 

కడప జిల్లా పోరుమామిళ్లలో ఒక పెద్ద చెరువు కలదు. విజయనగర ప్రభువగు బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, భవదూరుడను మారుపేరు గలవాడు, దానిని కట్టించి 1369వ సంవత్సరమున ఒక శిలాశాసనము వేయించెను. ఆ శాసనములో చెరువు నిర్మాణమునకు కావలసిన పండ్రెండు అంగములును, విడువవలసిన ఆరు దోషములును చెప్పబడియున్నవి. ఆ ఆరు దోషములలో మొదటిది కట్టనుండి నీరు ఊరుట. మరియొకటి రెండు రాజ్యముల సరిహద్దున చెరువు ఉండుట. మొదటి దోషమును తాపీపనివాడు గుర్తింపగలడు. రెండవదానిని గుర్తించుటకు పరిపాలనానుభవము కావలెను. కట్టకు గండి పడుచో బాగుచేయు బాధ్యత ఎవరిది, అందులకు వలసిన మన్నును రాయిని ఎవరి నేలనుండి తేవలెను, ఎవరి అనుమతితో తేవలెను అను ప్రశ్నలు సరిహద్దు చెరువునకు పుట్టుకతోనే వచ్చును. ఆరువందల యేండ్లకు పూర్వమే మన పెద్దలు ఈ చిక్కును కనిపెట్టి రాతిపై చెక్కించిరి.

నేటి ప్రసంగ విషయము ఆ చిక్కునకు సంబంధించినదే. ప్రభుత్వపు అడవిభూమిలో నున్న ఒక జలాశయమునకు మరమ్మతు చేయవలసి వచ్చినపుడు ఆ పనికి పథకము ఎట్లు వేయవలెను, అనుమతులు ఎట్లు పొందవలెను, ఆ అనుమతులు ఆలస్యమగుటకు నిజమైన కారణమేమి అనునది విచారణీయాంశము. ఉదాహరణముగా కేరళలోని పెరియారు జలాశయమును, అనగా ముల్లపెరియారు ఆనకట్టను గ్రహింపవచ్చును. మన దేశమున ఈ ప్రశ్న యొక్క అన్ని ముఖములును ఒక్కచోట కానవచ్చు తావు అంతకంటె మరియొకటి లేదు.

ఆనకట్టలు కట్టుటను గూర్చి మన దేశమున చాల ఉత్సాహము కలదు. శంకుస్థాపనకు మంత్రులు వత్తురు, ప్రారంభోత్సవమునకు పత్రికలు ప్రత్యేక సంచికలు వెలువరించును. మరమ్మతునకు పూలదండలు లేవు. కాని కట్టినది నిలుచుట మరమ్మతు వలననే. భారతదేశమున ఆరువేలకు పైగా పెద్ద ఆనకట్టలు కలవు. వానిలో రెండువందలకు పైగా నూరేండ్లు దాటినవి. అనేకము కొండలలో, అడవులలో ఉన్నవి. నది కొండలనడుమ ఇరుకైన చోటనే ఆనకట్టకు అనువగును. అట్టి చోటు సాధారణముగా అడవియే యగును. కావున ముందు కాలమున మరమ్మతు అనుమాట వినబడినపుడెల్ల అడవిచట్టము మాట కూడ వినబడక తప్పదు.

ఇక పెరియారు కథ. పడమటి కనుమలలో పుట్టిన పెరియారు నది పడమరగా ప్రవహించి అరేబియా సముద్రమున కలియును. కనుమలకు తూర్పున నున్న మధుర, రామనాథపురము ప్రాంతములు వర్షచ్ఛాయలో నుండి తరచు కఱవునకు గురియగుచుండెను. పడమటికి పోవు నీటిని కొండకు అడ్డుకట్ట వేసి, కొండలో సొరంగము త్రవ్వి, తూర్పునకు మరలింపవచ్చునను ఆలోచన చిరకాలముగా ఉండెను. 1886వ సంవత్సరము అక్టోబరు 29వ తేదీన తిరువాంకూరు మహారాజునకును, ఇండియా వ్యవహారముల మంత్రికిని నడుమ ఒక కౌలు ఒప్పందము జరిగెను. ఎనిమిదివేల ఎకరముల భూమిని తొమ్మిదివందల తొంబదితొమ్మిది సంవత్సరములకు మద్రాసు ప్రభుత్వమునకు కౌలుకిచ్చిరి. ఎకరమునకు సాలుకు అయిదు రూపాయలు కౌలు. తరువాత 1887లో పని ఆరంభమై 1895లో ముగిసినది. ఆ పనికి నాయకుడు కర్నల్ జాన్ పెన్నీక్విక్ అను ఇంజనీరు. వరదలలో కట్టిన కట్టడము కొట్టుకొనిపోవుట, అడవిజ్వరములతో కూలీలు మరణించుట అనునవి ఆ నిర్మాణ చరిత్రలో పలుమార్లు చదువనగును. నేటికిని తేని, మధుర ప్రాంతముల రైతులు ఆయన జన్మదినమున పొంగలి వండి స్మరించుచుందురు.

ప్రధానమగు ఆనకట్ట పొడవు సుమారు 1,200 అడుగులు. పునాది నుండి ఎత్తు 176 అడుగులు. సున్నము, సుర్కీ కలిపిన గచ్చుతో రాతికట్టడముగా దానిని నిర్మించిరి. ప్రక్కనే బేబీ డ్యాము అని పిలువబడు చిన్న ఆనకట్ట యొకటి సుమారు 240 అడుగుల పొడవున ఉన్నది. దానిని ఆనుకొని మట్టికట్ట కలదు. ఒక మైలుకు కొంచెము మించిన సొరంగము గుండా నీరు కొండ దాటి వైగై నదీ ప్రాంతమునకు చేరును. తేని, దిండిగల్లు, మధుర, శివగంగ, రామనాథపురము అను అయిదు జిల్లాలకు ఆ నీరే ఆధారము.

ఆనకట్ట కట్టిన నాడు అక్కడ దట్టమైన అడవి. జలాశయము నిండినపిమ్మట ఏనుగులకు, కణుజులకు, కాటులకు అదియే దప్పిక తీర్చు మడుగైనది. తిరువాంకూరు ప్రభుత్వము 1934లో ఆ ప్రాంతమును మృగ రక్షణ స్థానముగా ఏర్పరచెను. 1950లో అది పెరియారు అభయారణ్యమైనది. 1978లో పులుల సంరక్షణ పథకములో చేరినది. అనగా ఆనకట్ట ముందు, అభయారణ్యము తరువాత. అంతే కాదు, నేడు తేక్కడికి యాత్రికులు పోయి పడవలలో తిరుగుచు ఏనుగులను చూచు సరస్సు ఆ ఆనకట్ట నిలిపిన నీరే. ఆనకట్టకును అడవికిని గల సంబంధము పగవారి సంబంధము కాదు, ఒకే ఇంట కాపురముండు వారి సంబంధము. వాదప్రతివాదములు పెరిగిన కొలది ఈ సంగతి మరుగున పడినది.

రాష్ట్రముల పునర్విభజన జరిగిన పిమ్మట ఆనకట్ట కేరళ నేలపై నిలిచినది, దాని నిర్వహణము తమిళనాడు చేతికి వచ్చినది. 1970వ సంవత్సరము మే 29వ తేదీన ఇరు ప్రభుత్వములు అనుబంధ ఒప్పందములు చేసికొనెను. కౌలు ఎకరమునకు ముప్పది రూపాయలైనది. చేపలు పట్టు హక్కు కేరళకు మరలి వచ్చినది. విద్యుదుత్పత్తికి తమిళనాడు ప్రత్యేకముగా రుసుము చెల్లించుటకు అంగీకరించినది. ఇట్లు భూమి ఒకరిది, కట్టడపు నిర్వహణము ఒకరిది, నీరు త్రాగువారు ఒకరు, కట్ట తెగిన మునుగువారు వేరొకరు. పోరుమామిళ్ల శాసనకర్త చెప్పిన సరిహద్దు దోషము ఇదియే.

మొదటి దోషమగు ఊట విషయము చూతము. రాతికట్ట నీటిని ఆపుట ముఖ్యముగా తన బరువు వలననే. వెనుకనున్న నీరు కట్టను ముందునకు త్రోయును. పునాది క్రిందికి చొచ్చిన నీరు కట్టను పైకి ఎత్తజూచును. ఆ రెండు బలములకు లొంగని బరువు కట్టకు ఉండవలెను. సున్నపు గచ్చులో నీరు ఏండ్ల తరబడి ఊరుచున్నచో సున్నము కొంచెము కొంచెముగా కరగి బయటికి వచ్చును. కట్ట ముఖముపై తెల్లని చారలుగా కనబడునది ఆ సున్నమే. సున్నము పోయిన కొలది కట్టడములో చిన్న చిన్న ఖాళీలు ఏర్పడును, బరువు తగ్గును. పందొమ్మిదవ శతాబ్దపు ఇంజనీర్లు నీటి పైఎత్తు బలమునుగాని, భూకంప బలమునుగాని నేటివలె లెక్కగట్టి యుండలేదు. ఇది వారి లోపము కాదు, ఆనాటి శాస్త్రపు హద్దు.

1979వ సంవత్సరము ఆగస్టు 11వ తేదీన గుజరాతులోని మచ్ఛూ నదిపై రెండవ ఆనకట్ట తెగి మోర్వీ పట్టణము మునిగినది. వేలాది ప్రజలు మరణించిరి. దేశమంతట పాత ఆనకట్టలను గూర్చి భయము పుట్టినది. ఆ సంవత్సరము నవంబరులో కేంద్ర జలసంఘము వారు ఇరు రాష్ట్రముల ఇంజనీర్లతో ముల్లపెరియారును గూర్చి సమాలోచన జరిపి, వెంటనే చేయవలసినవి, కొంత కాలములో చేయవలసినవి, దీర్ఘకాలమున చేయవలసినవి అని మూడు తరగతుల పనులు నిర్ణయించిరి. అంతవరకు నీటిమట్టమును 152 అడుగులకు బదులు 136 అడుగులకు తగ్గించిరి.

ఆ పనులు సామాన్యులకు సైతము సులభముగా బోధపడునట్టివి. కట్ట తలపై కాంక్రీటు కప్పు వేసి బరువు పెంచుట మొదటిది. కట్ట పైనుండి లోనికి రంధ్రములు త్రవ్వి, ఉక్కుమోకులను దింపి, అడుగునున్న బండరాతికి బిగించుట రెండవది. కట్ట వెనుక ప్రక్కను, అనగా నీరులేని వైపున, కాంక్రీటు ఒత్తుగోడ కట్టుట మూడవది. వరద నీరు పోవు ద్వారములను పదినుండి పదమూడునకు పెంచిరి. 1980 తరువాతి సుమారు పదునైదేండ్లలో ప్రధానమగు ఆనకట్ట విషయమున ఈ పనులు చాలవరకు జరిగినవి. మిగిలినవి ముఖ్యముగా బేబీ డ్యామును, మట్టికట్టను గట్టిపరచుట. ఆ మిగులు నేటి కథకు ప్రాణము.

బేబీ డ్యామునకు దిగువను కొన్ని చెట్లున్నవి. వానిని తొలగింపనిదే ఒత్తుగోడకు పునాది త్రవ్వ వీలులేదని తమిళనాడు ఇంజనీర్ల వాదము. ఆ చెట్లు పులుల అభయారణ్యములో ఉన్నవి. వల్లక్కడవు గ్రామము నుండి ఆనకట్ట వరకు పోవు ఘాటురోడ్డు అడవి గుండా పోవుచున్నది. సిమెంటు, ఇసుక, ఉక్కు, యంత్రములు ఆ రోడ్డుననే పోవలెను. రోడ్డు బాగుచేయుటకు మరల అటవీశాఖ అనుమతి కావలెను. అది కానిచో జలాశయముపై పడవలలో సామగ్రి తీసికొని పోవలెను. పెద్ద యంత్రములు పడవలలో పోవుట ఎంత దుర్ఘటమో చెప్పనక్కరలేదు.

విషయము న్యాయస్థానమునకు ఎక్కినది. 2006వ సంవత్సరము ఫిబ్రవరి 27వ తేదీన సుప్రీంకోర్టు నీటిమట్టమును 142 అడుగులకు పెంచవచ్చుననియు, బేబీ డ్యాము పనులు ముగిసి నిపుణులు తృప్తి చెందిన పిమ్మట 152 అడుగుల మాట యోచింపవచ్చుననియు తీర్పు చెప్పెను. ఆ తీర్పులో మరియొక ముఖ్యాంశము కలదు. అడవిలో ఇదివరకే యున్న ఆనకట్టను గట్టిపరచు పని, అటవీ సంరక్షణ చట్టములోని రెండవ సెక్షను క్రింద కేంద్రము యొక్క ముందస్తు అనుమతి పొందవలసిన అటవీయేతర కార్యము కాదని కోర్టు భావించినది. మరుసటి నెలలోనే కేరళ శాసనసభ తన చట్టమును సవరించి నీటిమట్టమునకు 136 అడుగుల హద్దు విధించెను. తమిళనాడు మరల కోర్టునకు పోయినది. 2010లో మాజీ ప్రధాన న్యాయమూర్తి ఎ. ఎస్. ఆనంద్ అధ్యక్షతన ఒక సాధికార సంఘము నియమింపబడి, 2012లో నివేదిక సమర్పించినది. 2014వ సంవత్సరము మే 7వ తేదీన అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము కేరళ సవరణ చెల్లదని ప్రకటించి, 142 అడుగుల మట్టమును ఖాయపరచి, ముగ్గురు సభ్యులతో పర్యవేక్షణ సంఘమును ఏర్పరచెను. ఆ సంవత్సరము నవంబరులో ముప్పదియైదేండ్ల తరువాత నీరు 142 అడుగులను అందుకొనెను. కాని బేబీ డ్యాము పని మాత్రము అట్లే నిలిచియుండెను.

ఇచట అడవిచట్టములు ఏమి కోరునో సంగ్రహముగా తెలియుట అవసరము. 1980వ సంవత్సరపు అటవీ సంరక్షణ చట్టము, 2023లో వన సంరక్షణ సంవర్ధన అధినియమమని పేరు మారినది, అడవిభూమిని వేరొక ప్రయోజనమునకు వినియోగించునపుడు కేంద్రప్రభుత్వపు ముందస్తు ఆమోదము కావలెనని చెప్పును. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టములోని ఇరువదితొమ్మిదవ సెక్షను మరింత కఠినము. అభయారణ్యములో జంతువుల నెలవును పాడుచేయు పనికి వన్యప్రాణి శాఖ ముఖ్యాధికారి అనుమతి యుండవలెను. ఆ పని వన్యప్రాణుల మేలునకు అవసరమని, బోర్డుతో సంప్రదించిన పిమ్మట, రాష్ట్రప్రభుత్వము తృప్తి చెందినగాని అట్టి అనుమతి ఈయరాదు. ఆనకట్ట మరమ్మతు మనుష్యుల మేలునకు చేయబడునది. దానిని వన్యప్రాణుల మేలుగా చూపవలసియుండుట ఫైలు వ్రాయువానికి మొదటి కష్టము. ఒక చట్టము విషయమున కోర్టు అవసరము లేదన్న అనుమతి, వేరొక చట్టము క్రింద అవసరము కావచ్చుననుట రెండవ కష్టము.

ఈ కష్టములు ఎంత నిజమైనవో 2021వ సంవత్సరము నవంబరు మాసము తెలిపినది. ఆ నెల 5వ తేదీన కేరళ వన్యప్రాణి శాఖ నుండి బేబీ డ్యాము దిగువనున్న పదునైదు చెట్లను కొట్టుటకు అనుమతి ఉత్తరువు వెలువడెను. మరునాడు తమిళనాడు ముఖ్యమంత్రి కేరళ ముఖ్యమంత్రికి ధన్యవాదములు తెలుపుచు లేఖ వ్రాసెను. ఉత్తరువు జారీయైన సంగతి తమకు తెలియదని కేరళ మంత్రులనిరి. రెండు దినములలో అది నిలుపబడినది. ఆ వారములోనే మంత్రివర్గము దానిని రద్దు చేసెను. కేంద్ర చట్టముల క్రింద పొందవలసిన అనుమతులు పొందకయే ఉత్తరువు ఇయ్యబడినదనుట కారణముగా చూపబడినది. జారీచేసిన అధికారి కొంతకాలము పదవినుండి తొలగింపబడెను. పదునైదు చెట్ల విషయమున ఒక లేఖ, ఒక నిలుపుదల, ఒక రద్దు, ఒక శిక్ష అయిదారు దినములలో జరిగినవి. చెట్లు నిలిచినవి, కట్టయు నిలిచినది, పని మాత్రము మొదలిడలేదు.

అదే నెల 19వ తేదీన తెలుగునాట చెయ్యేరు నదిపైనున్న అన్నమయ్య జలాశయపు మట్టికట్ట వరదకు తెగినది. దిగువ గ్రామములలో అనేకులు ప్రాణములు కోల్పోయిరి. ముల్లపెరియారునకును చెయ్యేరునకును ఏ సంబంధమును లేదు. కాని కట్టల విషయమున కాలము మనుష్యుల సౌకర్యమునకై వేచియుండదని ఆ రెండు వార్తలు ఒకే నెలలో తెలిపినవి. ఆ మరుసటి నెలలో ఆనకట్టల భద్రతా చట్టము పార్లమెంటు ఆమోదము పొంది అమలులోనికి వచ్చినది.

ఈ చట్టము మూలమున ఆనకట్ట యజమానికి స్పష్టమైన బాధ్యతలు ఏర్పడినవి. వర్షకాలమునకు ముందును వెనుకను పరీక్ష చేయవలెను, మరమ్మతునకు నిధులు ప్రత్యేకించి యుంచవలెను, ప్రమాద సమయమున అనుసరింపవలసిన కార్యక్రమము సిద్ధము చేయవలెను. ఒక రాష్ట్రపు ఆనకట్ట వేరొక రాష్ట్రపు నేలపై ఉన్నచో పర్యవేక్షణ భారము జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ వహించును. తమిళనాడు నిర్వహించు ఆనకట్టలలో ముల్లపెరియారుతో పాటు పరంబికుళము, తునక్కడవు, పెరువారిపళ్ళము కూడ కేరళ నేలపై ఉన్నవి. 2022 ఏప్రిలులో సుప్రీంకోర్టు ఈ కొత్త చట్టపు అధికారములను పర్యవేక్షణ సంఘమునకు అప్పగించెను. 2024లో ఆ సంఘము జాతీయ సంస్థ అధ్యక్షుని నేతృత్వమున మరల ఏర్పడినది. 2025 మే మాసమున సుప్రీంకోర్టు, చెట్లకు సంబంధించిన దరఖాస్తును కేరళ కేంద్ర పర్యావరణ మంత్రిత్వశాఖకు పంపవలెననియు, ఆ శాఖ మూడు వారములలో నిర్ణయము తెలుపవలెననియు, ఘాటురోడ్డు మరమ్మతును కేరళ చేయగా వ్యయము తమిళనాడు భరింపవలెననియు ఆదేశించెను. 2006 తీర్పు నుండి లెక్కించిన ఈ దరఖాస్తు సరియైన దారి పట్టుటకు పందొమ్మిదేండ్లు పట్టినది.

ఇందు తప్పు ఎవరిది అని ప్రశ్నించుట సులభము. కాని ఆ ప్రశ్నకు సమాధానము వలన పని జరుగదు. ఇరు పక్షముల వాదములను సానుభూతితో వినవలెను. వల్లక్కడవు, వండిపెరియారు వాసులు కట్టకు దిగువను నిదురించువారు. వర్షకాలమున ప్రతి రాత్రి నీటిమట్టము ఎంతయైనదని వారు అడుగుట సహజము. 2024 జూలైలో వయనాడు కొండచరియలు విరిగిపడి ఊళ్లకు ఊళ్లు నాశనమైన పిమ్మట వారి భయము మరింత పెరిగినది. పాత కట్టకు బదులు కొత్త కట్ట కావలెనని కేరళ కోరుచున్నది. ఆవల రామనాథపురము రైతు తన పొలమున మడి తడుపుకొనుటకు ఈ నీటినే నమ్ముకొనియున్నాడు. మరమ్మతు జరుగనిచో ఒకరికి ప్రాణభయము, వేరొకరికి జీవనభయము. అటవీశాఖ వాదమును సైతము తేలికగా తీసివేయరాదు. ఈనాడు పదునైదు చెట్లకు అనుమతి యిచ్చిన రేపు పదునైదువందల చెట్లకు అదే దృష్టాంతము చూపుదురను శంక నిరాధారము కాదు. అడవి తరిగిన కొండమన్ను కొట్టుకొనివచ్చి జలాశయము పూడును. కావున కట్టను కాపాడువారిలో అడవి కాపరి కూడ ఒకడు.

అసలు చిక్కు చట్టములో లేదు, పనిలోను లేదు, రెంటిని కలుపు క్రమములో ఉన్నది. ఇంజనీరు ముందుగా నక్షా గీసి, అంచనా వేసి, మంజూరు పొంది, గుత్తేదారును నిర్ణయించి, చివరకు అటవీశాఖకు ఒక ఉత్తరము వ్రాయుట పరిపాటి. అటవీశాఖ ఆ ఉత్తరమును పనిని ఆపుటకు వచ్చిన అవకాశముగానో, తన్ను లెక్కచేయలేదను అవమానముగానో చూచుట మరియొక పరిపాటి. అనుమతిని పథకమునకు చివర అతికించు తోకగా భావించినంతకాలము ఈ కథ మరల మరల జరుగును. అనుమతి పథకములో ఒక భాగము. పునాది లోతు ఎంతయో, చెట్ల సంఖ్య ఎంతయో ఒకే నక్షాలో, ఒకే దినమున నిర్ణయింపబడవలెను.

అట్టి పథకము ఎట్లుండవలెనన, మొదట ఇంజనీరును అటవీ అధికారియు కలిసి తావును నడిచి చూడవలెను. కొట్టక తప్పని చెట్టేది, గోడ వంపు కొంచెము మార్చిన మిగులు చెట్టేది అని ఒక్కొక్కదానికి సంఖ్య వేసి, జాతి, చుట్టుకొలత వ్రాసి, ఇరువురును సంతకము చేయవలెను. పదునైదు అను సంఖ్యపై ఇరుపక్షములకు సమ్మతి కుదిరిన పిమ్మట పదహారవ చెట్టునకు తావుండదు. రెండవది ఋతువు. ఆ కొండలలో జూను నుండి డిసెంబరు వరకు రెండు ఋతుపవనముల వర్షములు. కాంక్రీటు పనికి జనవరి నుండి మే వరకే అనువు. కాని ఆ వేసవి నెలలలోనే ఏనుగులు నీటికై జలాశయపు గట్టునకు వచ్చును, అడవికి అగ్గిభయమును అప్పుడే. కావున ఏ గంటలలో బండ్లు నడువవలెను, రాత్రి పని కలదా లేదా, కూలీల వంటచెరకు ఎచటినుండి తేవలెను అను విషయములు ముందే వ్రాసియుండవలెను. మూడవది సామగ్రి. రాయి, ఇసుక అడవిలోనుండి తీయరాదు, వెలుపలినుండియే తేవలెను. త్రవ్విన మన్ను వాగులో పోయరాదు. నాల్గవది రోడ్డు. ఉన్న రోడ్డును వెడల్పు చేయక, గుంతలు మాత్రము పూడ్చి, పని ముగిసిన పిమ్మట మరల గేటు వేసి మూయవలెను. అయిదవది ప్రతిఫలము. కొట్టిన చెట్లకు బదులుగా నాటవలసినవి ఎచట నాటుదురో, ఎన్ని యేండ్లు నీరుపోయుదురో, ఎవరు లెక్క చూతురో నిర్ణయము కావలెను.

ఈ అయిదును ఒక్క పత్రములో చేర్చి, ఏ చట్టపు ఏ సెక్షను క్రింద ఏ అధికారి అనుమతి కావలెనో పట్టికగా వ్రాసి, అన్ని శాఖలకు ఒకేసారి పంపినచో, కొఱ్ఱీలతో ఫైలు మరల మరల తిరిగివచ్చుట చాలవరకు తప్పును. 2021 ఉత్తరువు వంటిది, పై అనుమతి లేకయే క్రింది అనుమతి వెలువడుటయు తప్పును. అట్లు వెలువడిన ఉత్తరువు నిజముగా ఎవరికిని మేలు చేయలేదు. తమిళనాడునకు పని దక్కలేదు. కేరళకు విశ్వాసము దక్కలేదు. ఆ తరువాత సంతకము చేయవలసిన ప్రతి అధికారికిని భయము దక్కినది. తొందరపడి ఇచ్చిన అనుమతి ఈయని అనుమతికంటె ఎక్కువ ఆలస్యము తెచ్చును.

తెలుగువారికి ఈ పాఠము దూరపు మాట కాదు. శ్రీశైలము ఆనకట్ట నల్లమల అడవుల నడుమ, పులుల అభయారణ్యపు పొరుగున ఉన్నది. 2009 అక్టోబరులో కృష్ణకు వచ్చిన మహావరద ఆ కట్టను ఎంత పరీక్షించినదో అందరును చూచిరి. గేట్లనుండి పడు నీటి దెబ్బకు దిగువను ఏర్పడిన లోతైన గుంత విషయమై ఇంజనీర్లు చిరకాలముగా హెచ్చరించుచున్నారు. 2014 పిమ్మట కృష్ణకు ఆ ప్రక్క ఒక రాష్ట్రము, ఈ ప్రక్క ఒక రాష్ట్రము. అడవి, కట్ట, రెండు రాజ్యముల సరిహద్దు అను మూడును అక్కడ కూడ కలిసినవి. అచట మరమ్మతు పథకములు సిద్ధమగునపుడు, ఇరు రాష్ట్రముల జలవనరుల శాఖలతో పాటు అటవీశాఖలను సైతము తొలి సమావేశమునకే పిలిచినచో పెరియారు కథ కృష్ణాతీరమున జరుగకుండును. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట మనవారికి తెలిసిన సామెతయే. కాలక ముందు ఆకులు సిద్ధము చేయుటకు ఖర్చు తక్కువ.

మన పల్లెలలో పూర్వము చెరువు కట్టించినవారు దాని మరమ్మతునకై దశబంధ మాన్యము ఏర్పాటు చేసెడివారు. మాన్యము అనుభవించువాడు ఏటేట కట్ట చూచుచు, గండి పూడ్చుచు, తూములు బాగుచేయుచు ఉండవలెను. చెరువు ఉన్నంతకాలము మాన్యము, మాన్యము ఉన్నంతకాలము బాధ్యత. అనుమతి ఎవరు ఈయవలెను అను ప్రశ్నకు సమాధానము చెరువు త్రవ్విన దినముననే దొరికెడిది. నేటి కౌలు పత్రములలో, ఒప్పందములలో తొమ్మిదివందల తొంబదితొమ్మిది యేండ్ల లెక్క వ్రాయుట కలదు గాని, ఏటేటి మరమ్మతునకు ఏ దారిన పోవలెను, ఎవరు ఎన్ని దినములలో సమాధానము చెప్పవలెను అనుట అరుదు. రాష్ట్రముల నడుమ ఇకమీద జరుగు ప్రతి ఒప్పందమునందును ఈ నియమము చేరవలసియున్నది. పాత ఒప్పందములకు సైతము అనుబంధముగా చేర్పదగును. ఇందులకు కొత్త చట్టము అక్కరలేదు. ఇరు ప్రభుత్వముల కార్యదర్శులు కూర్చుండి వ్రాసికొనదగిన రెండు పుటల పత్రము చాలును.

సభాసదులలో అనేకులు వేర్వేరు మంత్రిత్వశాఖలలో ఫైళ్లు చూచువారు. జలశక్తి శాఖవారు ఉండవచ్చును, పర్యావరణ శాఖవారు ఉండవచ్చును, ఆర్థికశాఖవారు ఉండవచ్చును. ఒక్కొక్క శాఖకు తన చట్టము తనకు వేదము. కాని వల్లక్కడవులో వానరాత్రి మేలుకొనియున్న తల్లికి ఆ శాఖలన్నియు ఒకే ప్రభుత్వము. తేక్కడి గట్టున నీరు త్రాగు ఏనుగునకు శాఖలే తెలియవు. టిప్పణి వ్రాయువాడు ఆ ఉభయులను మనస్సున ఉంచుకొని, ప్రక్క గదిలోని శాఖతో ఒక్కమారు మాట్లాడి వ్రాసినచో, కొన్ని యేండ్ల ఉత్తరప్రత్యుత్తరములు మిగులును. పదునైదు చెట్లకు ఎంత విలువయో అంత విలువను, కట్టకు ఎంత విలువయో అంత విలువను ఒకే కాగితముపై చూపగలుగుట పరిపాలనా దక్షతకు గీటురాయి.